ఈనిన ఆవు లేవడం లేదా? పాల జ్వరం వస్తే ఏం చేయాలి, మళ్ళీ రాకుండా ఏం చేయాలి

"అన్నా, రాత్రి ఈనింది, పొద్దున్నుంచి లేవట్లేదు, మెడ పక్కకి తిప్పేసి పడుకుంది, ఏం పట్టమంటావు?"

ఈ ఫోన్ నాకు నెలకి రెండుసార్లయినా వస్తుంది. విశాఖపట్నం చుట్టుపక్కల పెందుర్తి నుంచో పద్మనాభం నుంచో, ఒక్కోసారి మధురవాడలో అపార్ట్‌మెంట్ల వెనక ఖాళీ స్థలంలో రెండు గేదెలు కట్టుకుని పాలు పోసేవాళ్ళ నుంచి కూడా. అడిగేది ఒకటే, నేను సగం నిద్రలో చెప్పేదీ ఒకటే, అందుకే ఒకసారి కూర్చుని రాసేస్తున్నాను. నేను డాక్టరుని కాదు, ఆనందపురం దగ్గర పదకొండు ఆవులు, మూడు గేదెలు ఉన్న పాడి రైతుని. ఇందులో రాసింది డాక్టరు గారి పక్కన నిలబడి నేర్చుకున్నది కొంత, పోగొట్టుకుని నేర్చుకున్నది కొంత.

ముందుగా "ఏం పట్టమంటావు" అన్నదానికి జవాబు. ఏమీ పట్టకండి. ఎందుకో కింద చెప్తాను.

సంగతి ఏమిటంటే, రెండు ముక్కల్లో

పాల జ్వరం అంటాం గానీ ఇందులో జ్వరం ఉండదు, ఒళ్ళు చల్లబడుతుంది. ఈనగానే ముర్రుపాలలోకి క్యాల్షియం ఒక్కసారిగా దిగిపోతుంది, లీటరుకి 2 గ్రాముల పైనే. అంటే పది లీటర్లు దిగితే 20 గ్రాములు దాటి పోయినట్టు, ఆవు రక్తంలో ఒక సమయంలో తిరిగేదేమో సుమారు 3 గ్రాములు. మిగతాది ఎముకల్లోంచి, తిన్న మేతలోంచి గబగబా రావాలి. ఆ ఏర్పాటు అందుకోవడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది, ఆ లోపల కండరాలు పని మానేస్తాయి. కాళ్ళు, పేగులు, గర్భసంచి, ఆఖరికి గుండె. సిద్ధాంతం ఇంతే, ఇంతకన్నా అక్కర్లేదు.

ఎక్కువగా వచ్చేది మూడో ఈత నుంచి పైకి, బాగా పాలిచ్చేవాటికి, జెర్సీ రక్తం ఉన్నవాటికి ఇంకా ఎక్కువ. ఈనిన మూడు రోజుల్లోపు, చాలావరకు మొదటి రోజే. తొలిచూలు పెయ్య పడిపోయిందంటే మాత్రం పాల జ్వరం అనుకోకండి, దాదాపు ఎప్పుడూ వేరే ఏదో అయ్యుంటుంది.

నెలలు నిండిన ఆవు ఉన్న ఇంట్లో ఉండాల్సినవి

• థర్మామీటర్. మనుషులదైనా పర్వాలేదు, కానీ తర్వాత ఇంట్లో వాడకండి, దానికి ఓ దారం కట్టి శాలలోనే వేలాడదీయండి.

• గోడ మీద సుద్దతో పెద్దగా 1962, అంటే పశువుల అంబులెన్స్ నంబరు. దాని పక్కన మీ పశువైద్యుడి నంబరు, ఊళ్ళో పశుసంవర్ధక సహాయకుడి నంబరు. ఫోన్‌లో సేవ్ చేసుకున్నాం కదా అనకండి, ఆ రాత్రి ఫోన్ మీ దగ్గర ఉండదు, మీ అబ్బాయి దగ్గర ఉంటుంది.

• క్యాల్షియం బోరోగ్లూకోనేట్ సీసాలు రెండు, డాక్టరు చెప్పిన రకమే. తేదీ చూసుకోండి. సీసాలో మడ్డి గానీ పలుకులు గానీ కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఇవి ఇంట్లో ఉంచుకోవడం మీ పని, నరానికి ఎక్కించడం డాక్టరు పని.

• గడ్డి కుక్కిన గోనె సంచులు నాలుగు, టార్చి, మెత్తటి తాడు, రెండు బకెట్లు.

• పడుకోబెట్టడానికి దళసరిగా ఎండుగడ్డి, లేదా ఏటి ఇసుక, లేదా మెత్తటి పొలం మట్టి.

ఇక అసలు పని

1. ముందు పది నిమిషాలు చూడండి

ముట్టె తడి లేకుండా పొడిగా ఉందా. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయా. పేడ వేసిందా, నెమరు వేస్తోందా. మెడ పాము వంకరలా తిరిగి, తల డొక్క మీద పెట్టుకుందా. మీరు ముందుకి లాగి వదిలితే తల మళ్ళీ డొక్క వైపే పోతే అది పాల జ్వరం లక్షణమే. థర్మామీటర్ పెడితే మామూలుగా 101.5 దరిదాపు ఉండాల్సింది 100 లోపు, ఒక్కోసారి 98 కూడా చూపిస్తుంది.

పడిపోకముందే ఒక దశ ఉంటుంది, దాన్నే జనం వదిలేస్తారు. నిలబడే ఉంటుంది, కానీ వెనక కాళ్ళు తడబడతాయి, తొడల మీద కండ సన్నగా అదురుతుంది, పళ్ళు కొరుకుతుంది, మనిషిని చూసి బెదురుతుంది, మేత వాసన చూసి వదిలేస్తుంది. "ఈనిన అలసట" అని సరిపెట్టుకుంటాం. కాదు. ఆ గంటలో డాక్టరు వస్తే పని చాలా సులువు. ఆఖరి దశలో ఆవు పక్కకి ఒరిగిపోయి కాళ్ళు చాచేస్తుంది, కడుపు ఉబ్బుతుంది, కంటి దగ్గర వేలు పెట్టినా రెప్ప వేయదు. అక్కడికి వచ్చిందంటే మిగిలింది గంటలే.

ఇది కాకపోవచ్చు అనుకోవాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. పొదుగు పట్టి చూడండి. ఒక చన్ను గట్టిగా ఉండి, పిండితే నీళ్ళలాంటి పాలు వస్తే అది పొదుగువాపు విషం, దాంట్లోనూ ఆవు పడిపోతుంది, ఒక్కోసారి చెవులు కూడా చల్లబడతాయి. ఆవు చురుగ్గా చూస్తూ, మేత తింటూ, చెవులు వెచ్చగా ఉండి లేవలేకపోతుంటే, దూడని గట్టిగా లాగి తీసినప్పుడు నరం నలిగి ఉండొచ్చు, తుంటి జారి ఉండొచ్చు. ఈ తేడాలు మీరు తేల్చుకోనక్కర్లేదు. చూసింది చూసినట్టు ఫోన్‌లో చెప్తే చాలు, డాక్టరు ఏ మందులు పెట్టుకుని బయల్దేరాలో ఆయనకి తెలుస్తుంది.

2. ఫోన్ చేయండి

సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంటారు, వద్దనను, మా అమ్మ కూడా కోడెదూడని ఇస్తానని మొక్కుకుంటుంది. కానీ ముందు ఫోన్, తర్వాత మొక్కు. చెప్పాల్సినవి వరసగా: ఎన్నో ఈత, ఎన్ని గంటలకి ఈనింది, ఎప్పటినుంచి లేవట్లేదు, టెంపరేచర్ ఎంత, మాయ పడిందా, ఇప్పటిదాకా ఎవరైనా ఏ మందైనా ఇచ్చారా. ఆఖరిది దాచకండి. పక్క ఊరి కుర్రాడు వచ్చి అప్పటికే ఒక సీసా ఎక్కించేశాడని తెలియక డాక్టరు మళ్ళీ ఎక్కిస్తే ఆవు గుండె తట్టుకోదు.

3. రొమ్ము మీద కూర్చోబెట్టండి

పక్కకి ఒరిగి ఉంటే ఇదే అన్నిటికన్నా తొందర పని. ఇద్దరు మనుషులు కావాలి. ముందు కాళ్ళు మడిచి, రొమ్ము ఎముక మీద నిలబెట్టి, భుజం దగ్గరా తొడ దగ్గరా గడ్డి సంచులు ఒరగబెట్టండి. ఇలా ఉంటే కడుపులో గాలి తేన్పుగా బయటకి వస్తుంది, లేకపోతే ఉబ్బిపోయి ఊపిరి ఆడదు, పొట్టలోది ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సిమెంటు గచ్చు మీద ఉంటే గోనె పట్టా మీదకి దొర్లించి మెత్తటి చోటికి లాగండి. తోక పట్టి లాగకండి. మన ఎండలో అయితే నీడ వేయండి, ఉక్కపోతగా ఉందని చల్లనీళ్ళు మాత్రం కుమ్మరించకండి, దాని ఒళ్ళు అప్పటికే చల్లగా ఉంది.

4. నోట్లో ఏమీ పోయకండి

మా చిన్నాన్న ఆవుకి ఇలాగే అయింది. డాక్టరు రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు. ఆ రెండు గంటలు ఊరికే కూర్చోలేక బెల్లం, మిరియాలు వేసి కాచిన నీళ్ళు వెదురు గొట్టంతో పట్టారు, నేనే తల ఎత్తి పట్టుకున్నాను. దగ్గినట్టు చిన్న శబ్దం వచ్చింది, అంతే. డాక్టరు వచ్చి సీసా ఎక్కించారు, ఆవు లేచి నిలబడింది, నీళ్ళు తాగింది, ఇంట్లో అందరం టీ తాగాం. మూడో రోజు ముక్కులోంచి చెడు వాసనతో చీమిడి, ఎగశ్వాస. అయిదో రోజు పోయింది. పాల జ్వరంలో మింగే కండరం కూడా సరిగ్గా పని చేయదు కాబట్టి పోసింది తిన్నగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. క్యాల్షియం జెల్ అయినా, టానిక్ అయినా, గంజి అయినా, ఆఖరికి మంచినీళ్ళయినా అంతే.

మరి జెల్ ఎప్పుడు ఇవ్వాలి అంటారా, ఆవు నిలబడి ఉండి తనంతట తను మింగుతుంటేనే.

5. డాక్టరు వచ్చేలోపు

క్యాల్షియం సీసాని గోరువెచ్చని నీళ్ళ బకెట్‌లో పెట్టండి, మీ చెయ్యి హాయిగా ఓర్చుకునేంత వేడి చాలు, మరిగే నీళ్ళు వద్దు. చల్లటి మందు నరంలోకి పోవడం మంచిది కాదు. లైటు ఏర్పాటు చేయండి, శాలలోకి వచ్చే దారి చెప్పడానికి ఒకరిని రోడ్డు మీద నిలబెట్టండి. దూడని పక్కకి తీసి, పొడిబట్టతో తుడిచి, ముర్రుపాలు ఒక లీటరో రెండు లీటర్లో పిండి దానికి పట్టండి. మిగతా పొదుగు ముట్టుకోకండి.

6. సీసా ఎక్కుతున్నప్పుడు

ఇక్కడ మీరు చేయాల్సిందల్లా తొందరపెట్టకపోవడమే. మందు నిదానంగా పోవాలి, ఒక సీసాకి పది నుంచి ఇరవై నిమిషాలు. డాక్టరు ఒక చేత్తో సీసా పట్టుకుని, రెండో చేత్తో స్టెతస్కోపు గుండె మీద పెట్టి వింటున్నారంటే ఆయనకి పని తెలుసని అర్థం. ఎక్కువ వేగంగా పోతే గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోతుంది. అందుకే యూట్యూబు చూసి మీరే ఎక్కించకండి. కొన్నిసార్లు ఒక సీసా నరానికి, ఇంకొంచెం మెడ దగ్గర చర్మం కిందకి ఇస్తారు, అది నెమ్మదిగా ఒంట్లోకి చేరడానికి. ఏది ఎంత అన్నది ఆయన లెక్క.

7. పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. సీసా సగంలో ఉండగానే తొడల మీద, డొక్క మీద కండ అదరడం మొదలవుతుంది, చలికి వణికినట్టు. చూసి భయపడతారు, అది మంచి గుర్తు. తర్వాత తేన్పు వస్తుంది. అప్పటిదాకా ఎండిన అట్టలా ఉన్న ముట్టె మీద చెమట బిందువులు ఒక్కొక్కటే పొడుస్తాయి, టార్చి వేసి చూస్తే తెల్లవారుజామున గడ్డిపరక మీద మంచులా కనిపిస్తుంది. పేడ వేస్తుంది, గట్టిగా, పైన జిగురు పూసినట్టు. చెవులు వెచ్చబడతాయి. చాలా ఆవులు అరగంట నుంచి రెండు గంటల్లో లేస్తాయి. అప్పుడే లెమ్మని కొట్టకండి, అరవకండి, తడబడి జారిందంటే తుంటి పోతుంది. కాళ్ళ కింద ఇసుకో మట్టో వేసి, తోక మొదట్లో ఆసరా ఇస్తే చాలు.

నాలుగైదు గంటలైనా లేవకపోతే మళ్ళీ డాక్టరుకి ఫోన్ చేయండి. ఫాస్ఫరస్ తక్కువై ఉండొచ్చు, కాలి కండ నలిగి ఉండొచ్చు, మనం మొదట అనుకున్నది తప్పయ్యి ఉండొచ్చు. మీ అంతట మీరు రెండో డోసు ఇవ్వకండి.

8. లేచాక రెండు రోజులు

లేచింది కదా అని ఆ సాయంత్రమే పొదుగు మొత్తం పిండేసేవాళ్ళు చాలామంది. "పాలు నిలవ ఉంటే పొదుగు చెడిపోతుందన్నా" అంటారు. పొదుగువాపు ఉంటే ఆ మాట నిజం, లేకపోతే మొదటి రోజు, రెండో రోజు దూడకి కావాల్సినంత వరకే తీయండి. జున్నుకి చుట్టాలు ఎదురుచూస్తున్నారని నాకూ తెలుసు, ఈసారికి పక్కింటి నుంచి తెచ్చుకోండి.

తిరగబెట్టడం మామూలే, నాలుగింట ఒక ఆవుకి ఒకట్రెండు రోజుల్లో మళ్ళీ వస్తుందనుకోండి. కాబట్టి రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చెవులు పట్టి చూడండి, నెమరు వేస్తోందా చూడండి. మాయ పన్నెండు గంటల్లో పడిందో లేదో కూడా, ఎందుకంటే క్యాల్షియం తక్కువైతే గర్భసంచి ముడుచుకోదు. పడకపోతే చేత్తో లాగకండి, రాయి కట్టి వేలాడదీయకండి.

డాక్టరు రాలేని రాత్రి

2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చిన మర్నాడు మా గౌరి ఈనింది, నాలుగో ఈత. అక్టోబరు 13. రోడ్డు మీద అడుగడుక్కీ చెట్లు, కరెంటు లేదు, ఫోన్లు పని చేయవు. చీకటి పడ్డాక పడిపోయింది. ఇంట్లో సీసా లేదు, ఉన్నా ఎక్కించే మనిషి లేడు. నేనూ అమ్మా కలిసి ధాన్యం బస్తాలు రెండు పక్కలా ఒరగబెట్టి, రెండు గంటలకోసారి ఆవుని ఎడమ తొడ మీంచి కుడి తొడ మీదకి, మళ్ళీ ఎడమకి మార్చాం. పాలు దూడకి సరిపడా తప్ప తీయలేదు. మూడింటికి నాకు కన్ను మూతపడింది, లేచేసరికి ఆరయింది, ఆ మూడు గంటలూ అది కుడి కాలి మీదే ఉంది. మర్నాడు మధ్యాహ్నం డాక్టరు గారు చెట్లు దాటుకుంటూ బైకు మీద వచ్చి సీసా ఎక్కించారు. గౌరి లేచింది, కానీ వారం రోజులు ఆ కుడి కాలే కుంటింది. అంత బరువు ఒకే కండ మీద పడితే రక్తం ఆడక కండ చచ్చుబడుతుంది, క్యాల్షియం ఎంత ఎక్కించినా అది బాగవదు. రాత్రంతా మందు లేకుండా బతకడం మాత్రం దాని అదృష్టం, అందరికీ అలా జరగదు.

మీరూ అలారం పెట్టుకుని రెండు మూడు గంటలకోసారి వైపు మార్చండి. ఇద్దరు వంతులవారీగా నిద్రపోండి.

రాకుండా చూసుకోవడం

ఇక్కడే పెద్ద తప్పు జరుగుతోంది. ఆవు వట్టిపోయిన రెండు నెలలూ "కడుపులో దూడకి బలం" అని రోజూ క్యాల్షియం టానిక్ పోస్తారు, డబ్బులు పెట్టి మరీ. నోటి నుంచి దండిగా వస్తుంటే ఎముకల్లోంచి తీసుకునే అలవాటు ఒంటికి తప్పిపోతుంది. ఈనిన రోజు అవసరం పడేసరికి ఆ తలుపు తెరుచుకోదు. టానిక్ తాగిన ఆవే పడిపోయిందని ఆశ్చర్యపోతారు, నేనూ పోయాను.

ఈనడానికి మూడు వారాల ముందు నుంచి ఇలా చేయండి:

క్యాల్షియం టానిక్ ఆపేయండి. సుబాబుల్, అవిశ, అలసంద మేత బాగా తగ్గించండి, వాటిలో క్యాల్షియం ఎక్కువ. పేడనీళ్ళు దట్టంగా పారించి పెంచిన సూపర్ నేపియర్ గడ్డి కూడా తగ్గించండి, దాంట్లో పొటాషియం ఎక్కువ, అది ఈ జబ్బుకి దారి తీస్తుంది. వరిగడ్డి, జొన్న లేక మొక్కజొన్న మేత, కొంచెం దాణా, తవుడు చాలు. దాణాలో వంటసోడా కలిపే అలవాటుంటే ఈ మూడు వారాలు మానేయండి. ఆవుని మరీ లావెక్కనివ్వకండి. గేదెలకీ ఇదే వరస.

పెద్ద మంద ఉన్నవాళ్ళకి ఇంకో దారి ఉంది, ఈనే ముందు ఇచ్చే ప్రత్యేక లవణ మిశ్రమాలు, యానయానిక్ సాల్ట్స్ అంటారు. చేదుగా ఉంటాయి, మేతలో బాగా కలపకపోతే తినవు, తినడం మానేస్తే అసలుకే మోసం. అవి వాడితే మూత్రం పరీక్షించాలి. ల్యాబ్ సామాన్ల షాపులో దొరికే పీహెచ్ పేపరు ముక్క ధార మధ్యలో పెట్టి చూడండి. మామూలుగా 8 దాకా ఉండేది 6 నుంచి 7 మధ్యకి దిగాలి. దిగకపోతే మందు పని చేయట్లేదు, 6 కన్నా బాగా కిందకి పోతే ఎక్కువైంది, తగ్గించాలి. రెండు ఆవులున్న ఇంటికి ఇదంతా అక్కర్లేదని నా అభిప్రాయం.

విటమిన్ డి3 ఇంజెక్షన్ సంగతి చాలామంది అడుగుతారు. ఈనడానికి రెండు రోజుల నుంచి ఎనిమిది రోజుల ముందు పడితేనే ఉపయోగం. చూలు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన తేదీ రాసుకోకుండా "ఈ వారమో పై వారమో ఈనుతుంది" అనుకుంటూ డి3 వేయిస్తే వృథా. ఎక్కువసార్లు వేస్తే హాని కూడా. చూలు సూది తేదీ నుంచి ఆవుకి సుమారు 280 రోజులు, గేదెకి సుమారు 310 రోజులు లెక్క కట్టుకోండి.

ఈనిన వెంటనే అంతా తిరగేయాలి. నిలబడి ఉన్న, మింగగలిగిన ఆవుకి అప్పుడే క్యాల్షియం జెల్ ఒక డోసు, పన్నెండు గంటలకి ఇంకోటి. ఆ రోజు నుంచే ఖనిజ లవణ మిశ్రమం రోజుకి 50 గ్రాములు దాణాలో, అలసంద మేతా సుబాబుల్ ఆకూ మళ్ళీ మొదలు. టానిక్ పోయాలనుకుంటే పోయాల్సిన రోజులు ఇవి.

దీనితో కలిపేసుకునే మరో రెండు

ఈనిన రెండు నుంచి నాలుగు వారాలకి గేదె మూత్రం కాఫీ డికాషన్ రంగులో పోస్తే అది క్యాల్షియం కాదు, చాలాసార్లు ఫాస్ఫరస్ లోపం. జ్వరం కూడా ఉంటే పిడుదుల వల్ల వచ్చే జబ్బు కావచ్చు. థర్మామీటర్ పెట్టి అదే రోజు డాక్టరుకి చెప్పండి, రేపటిదాకా ఆగితే రక్తం మిగలదు. ఇక చెప్పులు, ఎముకలు, గోడ సున్నం, గుడ్డపీలికలు నమిలే పశువుని తిట్టి లాభం లేదు. దానికి ఫాస్ఫరస్, ఉప్పు తక్కువై ఉంటాయి, లేదా కడుపులో పురుగులుంటాయి. నట్టల మందు వేయించి, లవణ మిశ్రమం రెండు నెలలు ఆపకుండా ఇచ్చి చూడండి. వారం ఇచ్చి ఆపేసి "పని చేయలేదన్నా" అని ఫోన్ చేయకండి.

ఒకసారి పాల జ్వరం వచ్చిన ఆవుకి పై ఈతలో మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. మా శాల గోడ మీద ప్రతి ఆవు పేరు కింద చూలు సూది వేయించిన తేదీ, ఈనే తేదీ ఉంటాయి. పాల జ్వరం వచ్చినవాటి పక్కన ఎర్ర సుద్దతో ఒక గీత, ఈనే తేదీకి 21 రోజుల ముందు తేదీ. గౌరి కూతురికి ఆ గీత పడింది, ఈసారి ఆ తేదీ కార్తీకంలో వస్తోంది, టానిక్ డబ్బాలు ఇప్పుడే అటక ఎక్కించేశాను.